తాళం ఎవరి పేరున

"తాళాన్ని కటింగ్ ప్లేయర్‌తో రెండు ముక్కలు చేసి, ఆ ముక్కల ఫోటో తీసి మాకు పంపించండి" అని రాశారు ఆ మహానుభావులు. చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. పదహారేళ్ళు మా ఇంటికి తిండి పెట్టిన వస్తువుని ముక్కలు చెయ్యమనడానికి వాళ్ళకి నోరెలా వచ్చిందో!

తాళమంటే తలుపు తాళం కాదు. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. కంపెనీవాళ్ళు డాంగిల్ అంటారు, మేం తాళం అంటాం. అది కంప్యూటర్‌కి గుచ్చి ఉంటేనే మా సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, పీకేస్తే మూసుకుంటుంది. నకలు తీసుకోవడానికి వీల్లేదు. పోగొట్టుకుంటే మళ్ళీ మొత్తం సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాల్సిందే.

మా పని బూట్లు కుట్టడం. అంటే కొట్లో దొరికే బూట్లు కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు, షుగరు వల్ల వేళ్ళు తీయించుకున్నవాళ్ళు, పుట్టుకతోనే పాదం వంకర తిరిగినవాళ్ళు, ఏ కొట్టుకి వెళ్ళినా "మీ సైజు లేదండీ" అనిపించుకుని వచ్చినవాళ్ళు, వీళ్ళే మా గిరాకీలు. కింది గదిలో కెమెరాతో పాదం కొలిచి, ఆ ఆకారాన్ని కంప్యూటర్‌లో పెట్టి నేను దిద్దుతాను. మడమ కింద రెండు వేళ్ళ మందం వెయ్యడం, లేని వేలు చోట ఖాళీ వదలడం, ఆనితే నొప్పి పుట్టే చోట చిన్న గుంట తియ్యడం. ఆ దిద్దిన పాదాన్ని పై గదిలో మా మరిది మిషను మీద చెక్కుతాడు. దాన్ని కాలి అచ్చు అంటాం. ఆ అచ్చు మీద తోలు బిగించి బూటు కుడతాం. పదకొండు వందల మంది పాదాలున్నాయి నా కంప్యూటర్‌లో. కెమెరాకి పాదం కనిపిస్తుంది గానీ నొప్పి కనిపించదు. నొప్పి ఎక్కడో మనిషి చెప్పాలి, నేను వినాలి, దిద్దాలి, బూటు తొడిగి నడిపించాలి, మళ్ళీ దిద్దాలి. ఒక్కో పాదం కుదరడానికి ఏడాది పడుతుంది. అంత పనీ ఆ ఫైళ్ళలోనే ఉంది.

ఆ తాళం ఒక్కటే, కంప్యూటర్లు రెండు. పైన మిషనుకి ఫైలు పంపే ఒక్క బటన్ నొక్కడానికి కూడా తాళం ఉండాల్సిందే. అందుకని మెట్ల పక్కన తాడు కట్టి, చిన్న బుట్ట వేలాడదీసుకున్నాం. నా పని అవగానే తాళం పీకి బుట్టలో వేసి "లాగవయ్యా" అని కేకేస్తే మా మరిది పైకి లాక్కునేవాడు. మళ్ళీ నాకు కావలసొస్తే "దించు". రోజుకి ఎన్నిసార్లో. ఒకసారి బుట్ట జారి తాళం తోలు నానబెట్టిన బకెట్‌లో పడితే దాన్ని గుడ్డలో చుట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రాణాలు బిగబట్టుకుని కూర్చున్నాం. సుఖపడ్డామని నేననను. అయినా ఆ తాళానికి ఒక్క మంచి గుణం ఉంది. ఎవరు గుచ్చినా తెరుచుకునేది. నీ పేరేమిటని అడిగేది కాదు.

రాత్రిళ్ళు మాత్రం అది మా ఆయన మెడలో ఉండేది. నల్లటి తాడు కట్టి వేసుకునేవాడు. పొద్దున్నే షాపు తెరిచి, గొంతు సవరించుకుని, మెడలోంచి తీసి గుచ్చితే ఆయన వంతు పని అయిపోయినట్టే. పాపం, తోలు పనిలో ఆయనకి ఆయనే సాటి, కాదన్ను. కంప్యూటర్ దగ్గర మాత్రం నిద్రొచ్చేది. సాఫ్ట్‌వేర్ నేర్పడానికి కంపెనీ నుంచి మనిషి వస్తే రెండో పూటకే కునికిపాట్లు పడ్డాడు. వారం రోజులు పక్కన కూర్చుని నేర్చుకున్నది నేను. శిక్షణ పూర్తయిందని కాగితం మాత్రం ఆయన పేరు మీద వచ్చింది. దాన్ని అద్దం కట్టించి గోడకి కొట్టింది కూడా నేనే, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మూడేళ్ళ కిందట ఆయన పోయాడు. ఆస్పత్రిలో ఆఖరి వారం మెడలోంచి ఆ తాళం తీసి, నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉండగా, నన్ను దాటుకుని మా మరిది చేతికిచ్చి "జాగ్రత్తరా" అన్నాడు. మా మరిది కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను గ్లాసు బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. అప్పుడు దాన్ని దుఃఖమనే అనుకున్నాను.

ఇప్పుడీ ఉత్తరం. ఇక తాళాలుండవట. ఎక్కడ కూర్చున్నా, ఎన్ని కంప్యూటర్లయినా, మీ ఖాతాలోకి వెళ్తే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుందట. బుట్టా తాడూ బాధ తప్పుతుందంటే ఎవరికి చేదు? ఫారం ఒకటి నింపి, తాళం ముక్కలు చేసి ఫోటో పంపాలి, నెలాఖరే గడువు.

"ఆ సంగతి నేను చూసుకుంటాలే వదినా, నీకెందుకు శ్రమ," అన్నాడు మా మరిది.

"చూసుకో నాయనా," అన్నాను.

గురువారం సాయంత్రం పైన టక్కుమని చప్పుడైంది. తాళం రెండు ముక్కలైంది. ఖాతా తెరుచుకుందని కంపెనీ నుంచి శుభాకాంక్షలు కూడా వచ్చాయి.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. శుక్రవారం పొద్దున్న కంప్యూటర్ తెరిస్తే కొత్త ముచ్చట. ముఖం కెమెరాకి ఎదురుగా పెట్టమంది. రెండుసార్లు కళ్ళార్పమంది. ఆర్పాను. ఎర్రటి అక్షరాలు వచ్చాయి, 'మీరు ఖాతాదారు కారు' అని. మా మరిదిని కేకేశాను. అతనూ కూర్చుని ఆర్పాడు. మళ్ళీ ఎరుపు. అప్పుడు పైన మూలగా చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చూశాను. మా ఆయన పేరు.

"ఎవరి పేరు రాశావయ్యా?"

"అన్నయ్యది."

"మీ అన్నయ్య పోయి మూడేళ్ళయింది కదయ్యా!"

"తెలుసు వదినా." అతని ముఖం పాలిపోయింది. "అన్నయ్య తాళం కదా. దానికి నా పేరు రాసుకోవడానికి చెయ్యి రాలేదు. ఆయన్ని తోసేసి కూర్చున్నట్టు అనిపించింది. కొన్న బిల్లూ ఆయన పేరునే ఉంది. షాపు ఫోనూ ఆయన నంబరే, దానికే కోడ్ వచ్చింది. అయిపోయిందనుకున్నా. మనిషిని తెచ్చి చూపించమంటారని నాకేం తెలుసు?"

ఆ పూట అతని మీద నాకు కోపం రాలేదు. జాలేసింది. కోపమంతా కంపెనీ మీదే. ఫోన్ తీసుకున్నాను. ముప్పావుగంట పాట వినిపించారు. మీ కాల్ మాకెంతో విలువైనదని మధ్యమధ్యలో ఒక గొంతు. అంత విలువైతే ఎత్తి చావొచ్చుగా! చివరికి ఒక అమ్మాయి ఎత్తింది.

విషయమంతా చెప్పాను.

"చాలా బాధాకరమండి," అంది, చూసి చదువుతున్నట్టు. "మా లైసెన్సు ఇప్పుడు వ్యక్తి పేరు మీద ఉంటుందండి. వ్యక్తి లేకపోతే లైసెన్సు ఉండదండి. మరణ ధ్రువపత్రం పంపిస్తే ఆ ఖాతా మూసేస్తాం. మీరు కొత్త ఖాతా తీసుకోవచ్చు."

"మరి పాత ఫైళ్ళు?"

"నిన్నటితో అవి ఆ ఖాతాకి ముడిపడిపోయాయండి. ఖాతా మూస్తే ఇంకెవరికీ తెరుచుకోవు. వినియోగదారుడి గోప్యత కోసమండి."

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరి గోప్యతమ్మా? పోయినాయనదా? ఆయన పాదం ఒక్కటి కూడా అందులో లేదు. అవి ఊళ్ళోవాళ్ళ కాళ్ళు. నేను దిద్దిన కాళ్ళు. కంప్యూటర్ నాది, మిషను నాది, కాళ్ళు వాళ్ళవి. మీది మధ్యలో తలుపొక్కటే. దానికి ఇన్నాళ్ళూ తాళం పెట్టారు, సరే. ఇప్పుడు తాళం విరగ్గొట్టించి మనిషినే తాళం చేశారు. మనిషి పోతే ఏం చెయ్యాలో ఒక్కడికీ తట్టలేదా? మీ కంపెనీలో ఎవరూ చావరా?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. చదువుతున్న గొంతు కాదది.

"అమ్మా, ఆయన పోయారని మీరు చెప్పింది నేనింకా కంప్యూటర్లో ఎక్కించలేదు. ఎక్కిస్తే ఇక నా చేతిలో ఏమీ ఉండదు. ఖాతాదారుడే, ఆయన నంబరు నుంచే ఫోన్ చేసి, ఖాతాని ఫలానావాళ్ళ పేరున మార్చమని నోటితో చెబితే ఐదు నిమిషాల పని. ముఖం చూపించక్కర్లేదు. మాట రికార్డవుతుంది, అంతే. మూడింటి తర్వాత ఆ లైన్లో నేనే ఉంటాను. ఇంతకంటే నేను చెప్పకూడదు."

'మూడింటికి' అని పక్కనున్న బిల్లు వెనక రాసుకున్నాను.

"ఇంతకీ అమ్మా, ఆ సాఫ్ట్‌వేర్ వాడేది ఎవరు?"

"నేనే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి రోజు నుంచి. పదహారేళ్ళు."

"మరి ఫారంలో అడిగింది అదే కదమ్మా," అంది ఆ అమ్మాయి. "ఈ తాళం వాడేవారి పేరు రాయండి అని."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నా చెవిలో గుయ్యిమంటూనే ఉంది. వాడేవారి పేరు. అన్న పేరు రాయాలా, తన పేరు రాయాలా అని ఎంత మథనపడ్డాడో మా మరిది! చెయ్యి రాలేదట. మెట్లెక్కి పైకి వెళ్ళాను. మిషను పక్కన స్టూలు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అన్నాను. "అన్నయ్య పేరు తట్టింది. నీ పేరు తట్టింది. ఫారం నింపేటప్పుడు నా పేరు నీకు తట్టనైనా తట్టిందా?"

"లేదు వదినా."

అబద్ధం చెప్పినా బాగుండేది. నిజం చెప్పేసరికి ఇంకా మండింది.

"కింద పదహారేళ్ళ నుంచి ఆ కుర్చీలో కూర్చుంటున్నది ఎవరనుకున్నావు? నడుము పడిపోయింది ఎవరికి? కళ్ళజోడు నంబరు నాలుగుసార్లు మారింది ఎవరికి? లాగవయ్యా, దించవయ్యా అని అరిచింది ఎవరు, గోడా?"

"అది కాదు వదినా. అన్నయ్య కూడా ఎప్పుడూ..."

"ఆ! అన్నయ్య కూడా! ఏడ్చినట్టుంది. బోర్డు మీద అన్నయ్య, బిల్లు మీద అన్నయ్య, గోడ మీద కాగితంలో అన్నయ్య. మంచం మీంచి ఆఖరున తీసి ఇచ్చింది తమ్ముడికి. మధ్యలో నేను మంచినీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరంతా ఆయన్ని పొగుడుతుంటే నేనూ తలూపాను."

కిందికి దిగుతుంటే నా మీద నాకే కోపమొచ్చింది. ఉత్తరం వచ్చిన రోజున నువ్వు చూసుకో నాయనా అన్నది నేనే కదా. నా పేరు రాయి అని నా నోటికి మాత్రం వచ్చిందా?

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు పన్నెండింటికి కండక్టరమ్మ వచ్చింది. సిటీ బస్సులో టికెట్లు కొడుతుంది. ఎడమ కాలు మూడు వేళ్ళ మందం పొట్టి. రోజుకి ఎనిమిది గంటలు కదిలే బస్సులో నిలబడే ఉద్యోగం. మా బూటు తొడుక్కుంటేనే నిలబడగలదు. ఆ బూటు అడుగు పోయిన నెల విరిగింది. బల్ల మీద పెట్టి చూపించింది, తోలు లోపలికి దిగిపోయి మడమ దగ్గర నెత్తుటి మరక.

"సోమవారం డిపోలో పరీక్షక్కా," అంది. "డాక్టర్ ముందు రెండు గంటలు నిలబడాలి. పాత బూటుతో నిన్న నలభై నిమిషాలకే కూలబడ్డాను. నిలబడలేకపోతే ఇంటికి పొమ్మంటారు. టికెట్ల గదిలో ఖాళీలు లేవట. రేపటికిస్తానన్నావుగా?"

చెప్పాను. ఏం దాచకుండా చెప్పాను.

"పోనీ మళ్ళీ కొలిచెయ్యక్కా. నా కాలు నా దగ్గరే ఉందిగా," అంది నవ్వబోతూ.

కాలు ఉంది. ఆ కాలికి నేను తొమ్మిదిసార్లు దిద్దిన అచ్చు లేదు. చిటికెనవేలు పక్కన బియ్యపు గింజంత గుంట ఎక్కడ తియ్యాలో, మడమ ఏ వాటంలో వంచితే నడుముకి నొప్పి పాకదో ఇద్దరం కలిసి ఏడాదిన్నర తంటాలు పడితే తెలిసింది. అది నా బుర్రలో పైపైన ఉంది, కొలతలన్నీ ఫైల్లో ఉన్నాయి. ఆమె నవ్వు ఆగిపోయింది. బెంచీ మీద కూర్చుని బూటు తిప్పి తిప్పి చూసుకుంది. "నాకు వేరే పని చేతకాదక్కా," అంది మెల్లగా.

మెట్ల మీద మా మరిది నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టున్నాడు.

"మూడింటికి నేను ఫోన్ చేస్తాను వదినా," అన్నాడు.

ఎందుకన్నాడో నాకు తెలుసు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గొంతు. ముఖాలు కలవవు గానీ ఫోన్లో నేను కూడా పొరబడేదాన్ని. ఆయన పోయిన కొత్తలో పై గదిలోంచి అతను ఎవరితోనైనా మాట్లాడుతుంటే చెవులు మూసుకునేదాన్ని.

"ఏమని చెప్తావు? బతికే ఉన్నాననా?"

"పేరు చెప్తాను. నీ పేరున మార్చమంటాను. అంతే."

కడుపు రగిలిపోయింది నాకు. పోయాడు అన్న మాట మొదటి రోజు నుంచీ నేను నేరుగానే అంటున్నాను. దూరమయ్యారు, కనుమరుగయ్యారు అనే నాజూకు మాటలు నాకు పడవు. పోయినవాడు పోయాడు. అలాంటిది ఇప్పుడు నా చేతి పని నాది అనిపించుకోవడానికి ఆయన లేచి రావాలా? నేనున్నాను బాబూ, ఇదిగో ఈ కుర్చీలో బతికి ఉన్నాను అంటే చెల్లదు. ఆయన ఊఁ అంటే చెల్లుతుంది. బతికుండగా జరిగిందీ ఇదే, చచ్చాకా ఇదేనా? వద్దు, నాకక్కర్లేదు అని పెద్దగా అనబోయాను. కండక్టరమ్మ బూటు విప్పిన కాలిని పైకి మడుచుకుని కూర్చుని ఉంది, అరికాలు కందిపోయి.

"చెయ్యి," అన్నాను.

మూడింటికి షాపు ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ వేశాడు. ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. అదే అమ్మాయి ఎత్తింది, పొద్దున్న నాతో మాట్లాడనట్టే.

"మీ పేరు చెప్పండి సార్."

మా మరిది గొంతు సవరించుకుని అన్న పేరు చెప్పాడు. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"ఎవరి బలవంతమూ లేకుండా మాట్లాడుతున్నారా?"

"అవునండి."

"ఖాతా ఎవరి పేరున మార్చమంటారు?"

మా మరిది నా వైపు చూశాడు. ఇరవయ్యారేళ్ళ కాపురంలో మా ఆయన నన్ను 'ఇదిగో' అన్నాడు, 'ఏమోయ్' అన్నాడు, కోపమొస్తే అసలేమీ అనలేదు. మరిదికి నేను వదినని. ఇంటిపేరుతో సహా నా నిండు పేరు ఆ గొంతులో వినడం నాకదే మొదటిసారి.

"ఆవిడ మీకేమవుతారు?"

"భార్య."

"సాఫ్ట్‌వేర్ వాడడం ఆవిడకి వచ్చా?"

"ఆవిడకే వచ్చండి. మాకెవరికీ రాదు."

అవతల టకటకా టైపు చేస్తున్న చప్పుడు. అయిపోయిందనుకున్నాను. కండక్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఇంతలో ఆ చప్పుడు ఆగింది.

"ఒక్క ప్రశ్న సార్," అంది ఆ అమ్మాయి. ఆ ప్రశ్న ఆమె ముందున్న కాగితంలో లేదని నేను ఒట్టేసి చెప్పగలను. "వాడేది ఆవిడైనప్పుడు మొదట్నుంచీ ఆవిడ పేరున ఎందుకు లేదు?"

మా మరిది ఫోన్ వంక చూస్తూ ఉండిపోయాడు. ఏదైనా అనొచ్చు. మర్చిపోయాననొచ్చు, అప్పట్లో అలా కుదిరిందనొచ్చు, మీకెందుకనొచ్చు. నేను ఏమీ అందించలేదు. అతని మెడ మీంచి చెమట చొక్కా కాలరులోకి దిగుతోంది.

"తప్పయిపోయింది," అన్నాడు చివరికి. "ఆవిడ పేరే ఉండాల్సింది. పక్కనే ఉంది కదా అని... ఎప్పుడూ అనుకోలేదు. తప్పు నాదే."

"సరే సార్. మార్చేశాను," అంది ఆ అమ్మాయి, ఫోన్ పెట్టేసింది.

కండక్టరమ్మ "అమ్మయ్య!" అంటూ కళ్ళు తుడుచుకుంది. మా మరిది ఫోన్ జేబులో పెట్టుకుని మిషను వేడెక్కించడానికి లేచాడు. అతని చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇంకోసారి అను," అన్నాను.

"ఏది వదినా?"

"చివర్న అన్నావే, తప్పయిపోయిందని. అది."

"లైను కట్టయిపోయింది వదినా."

"నాకు తెలుసు. అను."